మన లైన్ చివర ‘పెద్దల అపార్ట్‌మెంట్’: ప్లాన్ ఎవరైనా చూశారా?

మూడోలైన్_వాసి | సోమవారం, రాత్రి 9:12

మామిడి చెట్ల బంగళా కూల్చేశారు, చూసే ఉంటారు. అంతా కలిపి 2,600 గజాలు. నిన్న రేకుల కంచె మీద ఫ్లెక్సీ కట్టారు. జుట్టు నెరిసిన దంపతులు, చేతుల్లో టీ కప్పులు, వెనకాల హైదరాబాద్‌లో మన సైనిక్‌పురి వైపు ఎక్కడా కనపడనంత పచ్చిక. ‘60 దాటినవారి కోసం’ అని పెద్దక్షరాల్లో రాశారు. లోపల కూర్చున్నతన్ని అడిగితే స్టిల్ట్ (కింద పార్కింగ్‌కి వదిలే స్తంభాల అంతస్తు) మీద ఆరు అంతస్తులు, 72 ఫ్లాట్లు అన్నాడు. పర్మిషన్ వచ్చిందా అంటే “ప్రాసెస్‌లో ఉంది సార్” అన్నాడు.

పెద్దవాళ్ల మీద నాకేం కోపం లేదు, మా నాన్నకే 81. కానీ మన రోడ్డు సంగతి మీకు తెలుసు. పొద్దున స్కూల్ బస్సు వస్తే పాల ఆటో రివర్స్ కొట్టాల్సిందే. అక్కడ ఇంకో 72 ఇళ్లా? అభ్యంతరం ఎక్కడ ఇవ్వాలో, ఎలా ఇవ్వాలో తెలిసినవాళ్లు చెప్పండి.

గిర్ని_సందు | 9:31

ఏడ ఇచ్చినా ఏం గాదన్నా. ఇయ్యాల రేకులు గొట్టిండ్రు, రేపు గుంత తవ్వుతరు, ఎల్లుండికి మన బోర్లు ఎండుతయి. అండ్ల ముసలోళ్లుంటే ఏంది, వయసోళ్లుంటే ఏంది, నీళ్లయితే అందరు తాగుతరు గదా.

ఇంకో మాట. దినాం అంబులెన్సు, వారానికో పాడె. పిల్లలు ఆడుకునే లైను ఇది.

రెండో_బ్లాక్ | 9:44

ఆ చివరి మాట బాగాలేదన్నా. మన లైన్‌లో 41 ఇళ్లున్నాయి. దీపావళికి స్వీట్లు పంచినప్పుడు లెక్కపెట్టాను, 23 ఇళ్లలో ఉన్నది పెద్దవాళ్లే. పిల్లలు బెంగళూరు, డల్లాస్. మనది ఇప్పటికే పెద్దల కాలనీ, ఫ్లెక్సీ ఒక్కటే తక్కువ.

గిర్ని_సందు | 9:52

సరే అక్కా, ఆ మాట వాపస్ తీస్కుంటున్న. నీళ్ల మాట మాత్రం తియ్య.

కాలనీ_సెక్రటరీ | 10:05

దయచేసి విషయం మీదే మాట్లాడదాం. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయడానికి నేను రెడీ. ‘రోడ్డు చిన్నది, డ్రైనేజీ చాలదు, పర్మిషన్ ఇవ్వొద్దు’ అని నాలుగు లైన్లు రాసి సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇద్దామా?

పాత_డ్రాఫ్ట్స్‌మన్ | 10:40

సెక్రటరీగారూ, ఆగండి. ప్లానింగ్ సెక్షన్‌లో ట్రేసింగ్ పేపర్ మీద స్కేలు పెట్టి ముప్పై ఏళ్లు బతికినవాణ్ని. అలాంటి నాలుగు లైన్ల ఉత్తరాలు వేలల్లో చూశాను. ఫైల్లో గుచ్చుతారు, అంతటితో సరి. రూల్ నంబర్ పట్టుకుని అడిగితేనే టౌన్ ప్లానింగ్ వాళ్లు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాల్సి వస్తుంది.

ముందు ఒక సంగతి. సినిమాల్లో చూపించినట్టు కాలనీ జనాన్ని పిలిచి ‘మీకు ఇష్టమేనా’ అని అడిగే సభ మన దగ్గర బిల్డింగ్ పర్మిషన్‌కి ఉండదు. మాస్టర్‌ప్లాన్‌లో భూమి వినియోగం మార్చేటప్పుడైతే ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలుస్తారు. ఇది ముందునుంచీ రెసిడెన్షియల్ జోనే, కాబట్టి ఆ దారి లేదు. ఇక్కడ చూసేదల్లా 2012 నాటి జీవో 168, అంటే బిల్డింగ్ రూల్స్. ఎత్తు 18 మీటర్లు గాని అంతకు మించి గాని ఉంటే హైరైజ్ (ఎత్తైన భవనం) కింద లెక్క. హైరైజ్ కట్టాలంటే జాగా కనీసం 2,000 చదరపు మీటర్లుండాలి. వీళ్లది గజాల్లోంచి మారిస్తే 2,170 దాకా వస్తుంది, సరిపోయింది. 21 మీటర్ల ఎత్తు దాకా చుట్టూ 7 మీటర్లు వదలాలి, ముందు రోడ్డు కనీసం 12 మీటర్లుండాలి. స్టిల్ట్ మీద ఆరంతస్తులంటే 18 దాటుతుంది కాబట్టి ఫైర్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఫైర్ వాళ్లిచ్చే కాగితం) కూడా కావాలి.

12 మీటర్లంటే 40 అడుగులు. మన రోడ్డు ఎంత?

మూడోలైన్_వాసి | 10:48

లేఅవుట్‌లో 40. కళ్లకి 30 కూడా కనపడదు.

పాత_డ్రాఫ్ట్స్‌మన్ | 10:55

కళ్లు చెప్పింది ఫైల్లోకి ఎక్కదు. టేపు పెట్టండి.

ఇంకోటి. 2020లో టీఎస్‌ బీపాస్ చట్టం (ఆన్‌లైన్‌లో బిల్డింగ్ పర్మిషన్లిచ్చే పద్ధతి) వచ్చాక ఇంత పెద్ద భవనాలకి కూడా 21 రోజుల గడువు పెట్టారు. కాగితాలన్నీ సరిగ్గా ఉండి, ఆ లోపు ఏ సంగతీ తేల్చకపోతే పర్మిషన్ ఇచ్చినట్టే లెక్క. ఇప్పుడు పోర్టల్ పేరు బిల్డ్‌నౌ అయింది. మీరు ఆర్టీఐ వేస్తారనుకోండి, వాళ్లకి 30 రోజుల టైముంది. మీ కాగితం చేతికొచ్చేసరికి పర్మిషనూ వచ్చి ఉంటుంది.

హవల్దార్_రిటైర్డ్ | మంగళవారం, ఉదయం 7:20

టేపు పెట్టాం. పొద్దున ఐదున్నరకి, బండ్లు లేనప్పుడు. గిర్ని ఆయన దగ్గర 30 మీటర్ల టేపు తీసుకుని నేనూ మూడోలైన్ సారూ కొలిచాం. ఏడు చోట్ల.

మెయిన్ రోడ్డు మలుపులో 38 అడుగులు. కిరాణా కొట్టు దగ్గర 33. పిండి గిర్ని ముందు 27న్నర. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 29. ఆ బంగళా ముందు మాత్రం రేకులు లోపలికి జరిపి కట్టారు కాబట్టి 40 పూర్తిగా ఉంది.

ఇప్పుడు వినడానికి ఇబ్బందైన మాట. గోడ నుంచి గోడకి కొలిస్తే దాదాపు అన్ని చోట్లా 39, 40 వస్తోంది. తగ్గిందంతా గోడల బయటే. కారు ఎక్కే ర్యాంపులు, అరుగులు, గులాబీ కుండీలు, ఒకచోట జనరేటర్, ఒకచోట కుక్కకి ఇనుప బోను. నా గేటు ముందున్న ర్యాంపు నాలుగడుగుల మూడంగుళాలు. నేనే పోయించుకున్నాను, 2011లో.

గిర్ని_సందు | 7:41

హవల్దార్ సాబ్ పొద్దుగాల్నే మన మీదికే తుపాకి తిప్పిండు.

మూడోలైన్_వాసి | 7:58

నిజం చెప్పాలంటే కొలిచేటప్పుడు నాక్కూడా నోట మాట రాలేదు. మాది మూడడుగులు. ‘రోడ్డు 27 అడుగులే’ అని మనం ఫిర్యాదు చేస్తే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లు ముందు మన ర్యాంపులే కొడతారు.

రెండో_బ్లాక్ | 8:15

కొట్టనివ్వండి. అక్కడ పెద్దల ఫ్లాట్లు వచ్చినా రాకపోయినా మన లైన్‌లోకి అంబులెన్స్ తిరగాలి కదా. దాని గురించి నాకు తెలిసింది చెప్తాను.

పోయిన చలికాలం మా నాన్న బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక. మాది నాలుగో అంతస్తు. రాత్రి రెండింటికి అంబులెన్స్ వచ్చింది, కుర్రాళ్లు స్ట్రెచర్ పైకి తెచ్చారు, లిఫ్టులో పట్టలేదు. ఏటవాలుగా పెట్టి చూశారు, తలుపు పడలేదు. చివరికి బాల్కనీలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, నాన్నని దుప్పటితో కుర్చీకి కట్టి, ముందొకరు వెనకొకరు పట్టుకుని మెట్లమీదే దించారు. రెండో అంతస్తు మలుపులో కుర్చీ కాలు పటుక్కున చిట్లింది. వాచ్‌మన్ కింద తన మోకాలు పెట్టి ఆపాడు. నాన్న ఒక్క మాట అనలేదు, నా చున్నీ కొస మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

అందుకే నేను అడిగేది ఒకటే, ఆ 72 ఫ్లాట్లకి లిఫ్టు ఎంత సైజు పెడుతున్నారు?

అరుగుమీద_టీచరమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 3:30

మా మనవరాలు టైపు చేసి పెడుతోంది, నేను చెప్తున్నాను.

నాకు 74. ఏఎస్ రావు నగర్‌లో స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఇంట్లో ఆరు గదులు. నేనుండేది ఒకటే. మిగతా ఐదూ వారానికోసారి ఊడ్పించడమే పని. మీ అంకుల్ పోయాక మేడ మీదికి వెళ్లింది లేదు.

ఫ్లెక్సీ చూసి నిన్న ఆఫీసుకి వెళ్లాను, కొనాలనే. కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు. ‘అమ్మా, రెండు లక్షలు కడితే ఫ్లాట్ నంబర్ బ్లాక్ చేస్తాం, వచ్చే నెల రేటు పెరుగుతుంది’ అన్నారు. ప్లాన్ చూపించమంటే రంగుల పుస్తకం ఇచ్చారు. ఇది కాదు బాబూ, కొలతలున్నది కావాలి అన్నాను. కాసేపు లోపల మాట్లాడుకుని కార్పొరేషన్‌కి పెట్టిన డ్రాయింగ్ జిరాక్సు ఇచ్చారు. ఫోటోలు పెట్టిస్తున్నాను. నా కళ్లద్దాలకి ఆ అంకెలు ఆనడం లేదు, డ్రాఫ్ట్స్‌మన్‌గారు చూడాలి.

వృద్ధాశ్రమం అని ఎవరో అన్నారట. నేను ఆశ్రమానికి వెళ్లట్లేదు, మెట్లు లేని ఇంటికి వెళ్దామనుకుంటున్నాను.

పాత_డ్రాఫ్ట్స్‌మన్ | సాయంత్రం 6:10

టీచరమ్మగారూ, నమస్కారం. మీరు చేసిన పని మా సెక్షన్‌లో ఎవరూ చేసుండరు. ఆ ఫోటోలు కంప్యూటర్‌లో పెద్దవి చేసి రెండు గంటలు కూర్చున్నాను.

చుట్టూ వదలాల్సిన జాగా, అదే సెట్‌బ్యాక్, 7 మీటర్లు చూపించారు, తప్పు లేదు. వెనక సన్న నాలా ఉంది కదా, దాని అంచు నుంచి 2 మీటర్లు బఫర్ వదలాలి. గీత ఉంది గాని ఆ రెండు మీటర్లలోనే సెప్టిక్ ట్యాంకు పెట్టారు. 2020 అక్టోబర్ వాన గుర్తుందిగా, ఆ నాలా పొంగి బంగళా రెండో మెట్టు దాకా నీళ్లొచ్చాయి. ట్యాంకు అక్కడుంటే ఏమవుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. డ్రాయింగ్ పైన టైటిల్ బ్లాక్‌లో ఏం రాశారో చూడండి. ‘ప్రపోజ్డ్ రెసిడెన్షియల్ అపార్ట్‌మెంట్’. అంతే. ఆ నాలుగు షీట్లలో ఎక్కడా పెద్దవాళ్లు అనే మాట గాని, 60 అనే అంకె గాని లేదు. అది ఫ్లెక్సీ మీద మాత్రమే ఉంది.

లిఫ్టులు రెండు. రెండూ 8 మంది పట్టేవి, లోపల కొలత 1300 ఇంటు 1100 మిల్లీమీటర్లు. అంటే అడ్డంగా నాలుగడుగుల చిల్లర, లోతు మూడడుగుల ఏడంగుళాలు. ఆ అమ్మాయి చెప్పిన లిఫ్టు ఇలాంటిదే అయ్యుంటుంది. ఆస్పత్రి లిఫ్టుకి లోతు 2400 పెడతారు, అందుకే మంచం తిన్నగా వెళ్తుంది.

ర్యాంపు. ముందు మూడు మెట్లు గీశారు, ఒక్కోటి ఆరంగుళాలు. మొత్తం అడుగున్నర ఎత్తు. చక్రాల కుర్చీ ర్యాంపుకి నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పే వాలు పన్నెండుకి ఒకటి. అడుగున్నర ఎక్కాలంటే 18 అడుగుల పొడవు కావాలి. వీళ్లు గీసింది 7 అడుగులు. దాని మీద కుర్చీ తోస్తే ఎక్కదు, దించితే ఆగదు.

ఎన్నారై_కొడుకు | బుధవారం, ఉదయం 6:02

అమెరికాలో ఎడిసన్ నుంచి. మా అమ్మ రెండో లైన్‌లో ఒక్కతే ఉంటుంది. ఈ ప్రాజెక్టు వాళ్లు నాకు కూడా వీడియో పంపారు, నర్సు, డైనింగ్ హాల్, రోజూ యోగా అని. రెండు లక్షలు నిన్న కట్టేశాను. ఈ చర్చ చూశాక నిద్ర పట్టలేదు. నేను దేని కోసం డబ్బు కట్టినట్టు?

రెండో_బ్లాక్ | 6:45

అన్నా, రసీదు మీద రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉందా?

ఎన్నారై_కొడుకు | 6:51

లేదు. ‘ఆసక్తి తెలిపే పత్రం’ అని ఉంది. రీఫండబుల్ అని చిన్నక్షరాల్లో.

రెండో_బ్లాక్ | 7:10

మా ఆఫీసులో రెరా కేసులు చూస్తాం కాబట్టి చెప్తున్నాను. 500 చదరపు మీటర్లు దాటిన జాగా గాని, ఎనిమిది దాటిన ఫ్లాట్లు గాని ఉంటే రెరాలో రిజిస్టర్ చేయాలి. ఆ నంబర్ రాకముందు ప్రకటన వేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. 2016 చట్టం మూడో సెక్షన్. ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా జరిమానా ఉంది. నంబర్ వచ్చాక కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ఫ్లాట్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. హైదరాబాద్‌లో ప్రీలాంచ్ అని డబ్బులు కట్టి తిరుగుతున్నవాళ్లు మా దగ్గరికి రోజుకొకరైనా వస్తారు. మీవి రెండు లక్షలే, రసీదుంది, వెనక్కి అడగండి.

నర్సు, భోజనం, యోగా మాట. కేంద్ర హౌసింగ్ శాఖ 2019లో రిటైర్‌మెంట్ హోమ్స్‌కి నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టేవాళ్లు, సేవలు చూసేవాళ్లు, కొనేవాళ్లు ముగ్గురూ కలిసి సంతకం పెట్టే ఒప్పందం ఉండాలంటుంది అది. చట్టం కాదు, నమూనా మాత్రమే. కానీ మీరు అడగడానికి పనికొస్తుంది. ముగ్గురి ఒప్పందం లేకపోతే డైనింగ్ హాల్ రెండేళ్ల తర్వాత ఫంక్షన్ హాల్ అవుతుంది, అడిగే దిక్కుండదు.

మూడోలైన్_వాసి | 8:30

నాకు ఇప్పుడొక సంగతి తడుతోంది. మనం సోమవారం రాత్రి నుంచీ ‘పెద్దల అపార్ట్‌మెంట్ వద్దు’, ‘కావాలి’ అని కొట్టుకుంటున్నాం. ఫైల్లో అసలు పెద్దల అపార్ట్‌మెంటే లేదు. అక్కడ ఉన్నది మామూలు 72 ఫ్లాట్లు. సగం అమ్ముడుపోకపోతే ఐటీ కుర్రాళ్లకి అద్దెకిచ్చినా ప్లాన్ ప్రకారం తప్పు కాదు. అప్పుడు 72 కార్లు, 72 బైకులు.

పాత_డ్రాఫ్ట్స్‌మన్ | 8:52

అంతే సార్. పర్మిషన్ దరఖాస్తులో ఎత్తుకి కాలమ్ ఉంది, సెట్‌బ్యాక్‌కి ఉంది, పార్కింగ్‌కి ఉంది. ఉండబోయేవాళ్ల వయసుకి కాలమ్ లేదు. నేను ముప్పై ఏళ్లు ఆ కాలమ్‌లే నింపాను, ఒక్కసారి కూడా నాకు ఆ అనుమానం రాలేదు.

అయితే మనకో పట్టు ఉంది. కట్టేవాళ్లు మొత్తం బిల్టప్ ఏరియాలో 10 శాతం కార్పొరేషన్‌కి తనఖా పెట్టాలి. ప్లాన్ ప్రకారం కట్టి, ఇక లోపల ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకున్నాకే అది విడిపిస్తారు. కాబట్టి ఏది కావాలన్నా ఇప్పుడే, డ్రాయింగ్‌లోనే గీయించాలి. ర్యాంపు 18 అడుగులని డ్రాయింగ్‌లో ఉంటే రేపు 18 కొలిచి చూస్తారు. బ్రోచర్‌లో ఉన్నదాన్ని ఎవరూ కొలవరు.

గిర్ని_సందు | 9:15

నాకొకటి సమజైతలేదు. బిల్డర్ తప్పులు మనం దిద్దిపెట్టాల్నా? పైసల్ వానికి, పని మనకు. పర్మిషన్ ఇయ్యద్దని రాస్తే ఒడిశిపోతది గదా.

పాత_డ్రాఫ్ట్స్‌మన్ | 9:24

ఇవ్వొద్దంటే కారణం అడుగుతారన్నా. కారణం చూపిస్తే సరిదిద్ది మళ్లీ పెడతాడు. తిప్పి తిప్పి అక్కడికే.

గిర్ని_సందు | 9:30

మరి బోరు?

హవల్దార్_రిటైర్డ్ | 9:47

బోరు మాటలో గిర్ని ఆయనే కరెక్ట్. సెల్లార్ తవ్వట్లేదు, స్టిల్టే, అదొక్కటే నయం. కానీ 72 ఇళ్లకి రెండు బోర్లు, వర్షపు నీటి గుంత ఒకటే గీశారు, అది కూడా మూలన, నీళ్లు ఆ వైపు పారవు. వాన పడితే నీళ్లు తూర్పుకి, నాలా వైపు పోతాయి. నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఉత్తరంలో ఈ లైను కూడా రాయాలి.

కాలనీ_సెక్రటరీ | మధ్యాహ్నం 1:20

ఉత్తరం చిత్తుప్రతి రాశాను, అభ్యంతరాలుంటే చెప్పండి:

“మా లైన్ చివర దరఖాస్తు పెట్టిన అపార్ట్‌మెంట్ 60 ఏళ్లు దాటినవారి కోసమని కట్టేవారు బహిరంగంగా ప్రకటిస్తున్నారు. మీ దగ్గరున్న డ్రాయింగ్‌లో ఆ మాట లేదు. ఒకటి నిజమైతే రెండోది మార్చాలి. స్ట్రెచర్ పట్టే లిఫ్టు కనీసం ఒకటి, మెట్ల ఎత్తుకి తగిన పొడవులో ర్యాంపు, నాలా బఫర్ బయట సెప్టిక్ ట్యాంకు, నీళ్లు పారే తూర్పు దిక్కున ఇంకుడు గుంతలు చూపించి సవరించిన ప్లాన్ పెట్టించండి. సైట్ ముందే కాక మెయిన్ రోడ్డు మలుపు నుంచి రోడ్డు వెడల్పు కొలిచాకే నిర్ణయం తీసుకోండి. మేము కొలిచిన ఏడు కొలతలు జతచేశాం. ఫైర్ ఇంజన్ వచ్చి తిరగగలదో లేదో అక్కడే తెలుస్తుంది. మా ఇళ్ల ముందున్న ర్యాంపులు, అరుగుల వల్ల తగ్గిన చోట్లని మేమే సరిచేసుకుంటాం.”

చివరి వాక్యం ఉంచాలా తీసేయాలా?

మూడోలైన్_వాసి | 1:34

ఉంచండి. అది తీసేస్తే మిగతా ఉత్తరానికి విలువ లేదు.

గిర్ని_సందు | 1:50

తీసెయ్యిండ్రి. రాసిస్తే రేపు అదే కాయితం పట్కొని మన మీదికొస్తరు. నా అరుగు మీద మూడు తరాలు కూసున్నరు.

అరుగుమీద_టీచరమ్మ | 4:05

బాబూ, ఆ అరుగు మీద నేనూ కూర్చున్నాను, మీ నాయనమ్మతో. పచ్చళ్ల కాలంలో కారం పట్టించడానికి వచ్చినప్పుడు. అరుగు మీ గోడకి ఆనుకునే ఉండేది అప్పట్లో, రెండడుగులు. ముందుకొచ్చింది మీ నాన్న షట్టర్ పెట్టించినప్పుడు. పాత అరుగు జోలికి ఎవరూ రారు.

గిర్ని_సందు | 4:40

టీచరమ్మా, నిజమే. షట్టర్ ముంగట గడ్డ నేను తీపిస్త. పాత అరుగు ముట్టొద్దు. లైను ఉంచుకోండ్రి.

ఎన్నారై_కొడుకు | రాత్రి 8:55

డబ్బు వెనక్కి అడిగాను, పది రోజులన్నారు. అమ్మ మాత్రం ‘టీచరమ్మ వెళ్తే నేనూ వెళ్తా’ అంటోంది. సవరించిన ప్లాన్ వస్తే, రెరా నంబర్ వస్తే మళ్లీ చూస్తాను. లిఫ్టు కొలత ఎవరైనా చూసి చెప్పగలరా అప్పుడు?

రెండో_బ్లాక్ | 9:03

నేను టేపు పట్టుకుని వెళ్తానన్నా. నాన్న కూడా వస్తారు, వాకర్‌తో.

కాలనీ_సెక్రటరీ | 9:20

ఉత్తరం రేపు పదింటికి సర్కిల్ ఆఫీసులో ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకుంటాం, ఒక కాపీ ఫైర్ వాళ్లకి. డ్రాఫ్ట్స్‌మన్‌గారు తోడు వస్తానన్నారు. దరఖాస్తు పెట్టి ఎన్ని రోజులైందో అక్కడే కనుక్కుంటాం. సంతకాలకి కాగితం కిరాణా కొట్టులో పెట్టాను, ఇప్పటికి 26 ఇళ్లు పెట్టాయి.

హవల్దార్_రిటైర్డ్ | 9:31

ఆదివారం ఉదయం ఏడింటికి నా ర్యాంపు కొట్టడానికి మేస్త్రీ వస్తున్నాడు. పక్కవాళ్లవి కూడా ఉంటే చెప్పండి, కూలీ పంచుకుందాం.

గిర్ని_సందు | 9:38

నాది గుడ రాయి సాబ్. గట్లనే ఆ టేపు ఏడుంది? పొద్దుగాల్నుంచి ఎతుకుతున్న.

మూడోలైన్_వాసి | 9:41

నా స్కూటర్ డిక్కీలో ఉండిపోయింది. తెచ్చిస్తున్నా.